ససేమిరా

నాన్న పోయిన మూడో రోజు
మేనత్త యూఫేమియా బ్రగాన్సా సంతనుంచి
నల్లరంగు పొట్లాలు ఆరు తెచ్చింది.
పొట్లం మీద నల్లగౌనులో ఒక పిల్ల నవ్వుతోంది.
నల్లబట్ట కట్టుకుని అంత నవ్వే మనిషిని
మా కొండమీద నేనెప్పుడూ చూడలేదు.

అటకమీది పెద్ద సూపు గిన్నె దించారు.
"ఇక దీన్లో తిండి వండకూడదు జుల్మీరా" అంది అత్త.
శవం దగ్గర ఏడవని అమ్మ
అప్పుడు ఏడ్చింది
గిన్నె కోసం.

చెస్ట్‌నట్ కట్టెలు చిటపటమన్నాయి.
నీళ్ళు మరిగాక పొడి, పొడి తర్వాత ఉప్పు,
దోసిళ్ళకొద్దీ ఉప్పు.
ఎందుకంత అన్నాను.
"రంగు గుడ్డని వదిలిపోకుండా" అంది అత్త,
నావైపు చూడకుండా.

నాన్న బస్సు నడిపేవాడు.
నదికి దిగే ఏడో మలుపు దగ్గర
పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేకు లాగి,
అప్పుడు చనిపోయాడు.
ఇరవైముగ్గురు దిగి నడిచి ఇళ్ళకెళ్ళారు.
ఒకావిడ టికెట్టు డబ్బులు తెచ్చి
మా గుమ్మంలో పెట్టి వెళ్ళింది.

ఒక్కొక్కటే లోపలికి:
జాకెట్లు, మేజోళ్ళు, తలగుడ్డ,
వంటింటి ఏప్రన్ కూడా.
నా గళ్ళ ఫ్రాకు కూడా.
నాకు ఏడాది, అమ్మకు ఆయుష్షంతా,
లెక్క అత్తకి కంఠతా వచ్చు.

పసుపు గౌను మాత్రం అమ్మ
వీపు వెనక పట్టుకుంది.
సెయింట్ జాన్ పండక్కి తన మిషన్ మీద తనే కుట్టుకున్నది.
అది వేసుకుని రోడ్డు పక్కన నిలబడితే
స్టాపు కాని చోట బస్సు ఆగేది.
అత్త చెయ్యి చాపింది.
చాపిన చెయ్యి దించలేదు.

గౌను వెంటనే మునగలేదు.
లోపల గాలి పట్టి, నడుం దగ్గర ఉబ్బి,
నల్లనీళ్ళమీద ఒక మనిషిలా లేచి నిలబడింది.
అత్త కర్రతో భుజాలమీద నొక్కింది.
ముందు పాచి రంగు,
తర్వాత బురద,
తర్వాత అందరిలాగే.

జాడించిన నీళ్ళు గుమ్మం దాటి
రాళ్ళ మెట్లమీంచి సందులోకి పారాయి.
ఎర్మీనియా గారు పావడా ఎత్తి పట్టుకుని దాటారు.
కుక్క దాటలేదు, తొక్కింది.
వారంరోజులు ఊరంతా నల్లటి పంజాలు,
చర్చి లోపల కూడా.

తీగమీద ఆరేసినవన్నీ
కాకుల్లా బరువుగా వేలాడుతున్నాయి.
నేనే ముందు చూశాను.
గౌను నల్లబడింది, కుట్లు నల్లబడలేదు.
అంచు పొడుగునా, చంకల కింద, గుండీ రంధ్రాల చుట్టూ
సన్నటి పసుపు,
ఎవరో పెన్సిలుతో గీసినట్టు.

అత్త మళ్ళీ ఉడకేసింది. వెనిగర్ పోసింది.
ఇంకో పొట్లం వేసింది, ఇంకో గంట తిప్పింది,
మణికట్లదాకా ఆమె చేతులే నల్లబడ్డాయి.
గుడ్డ పత్తిది. దారం పాలియెస్టరు.
దారం ససేమిరా అంది.
"చవకరకం కొన్నావు" అని విసుక్కుంది అత్త.
"అవును" అంది అమ్మ,
ఆ మూడు రోజుల్లో తనంతట తాను అన్న మొదటి మాట.

ఆదివారం పూజకి అదే వేసుకుంది.
పాదిరీ గారు ఏదో చెబుతున్నంతసేపూ
ఒళ్ళో అంచు మీద ఆమె బొటనవేలు
ఒక కుట్టునుంచి ఇంకో కుట్టుకి
నడుస్తూనే ఉంది.
అత్త చూసి దగ్గింది.
వేలు ఆగలేదు.

గౌను ఏళ్ళు గడిచేకొద్దీ తుప్పు రంగుకి, తర్వాత బూడిదకి దిగింది.
అది సరే.

నేను చెప్పాలనుకున్నది గిన్నె సంగతి.
అత్త తన ఊరు వెళ్ళిపోయిన రాత్రి
అమ్మ దాన్ని పెరట్లోకి ఈడ్చుకెళ్ళి
బూడిదతో, ఇసకతో తోమడం మొదలెట్టింది.
తొమ్మిది రాత్రులు తోమింది.
పదో రోజు క్యాబేజీ, బంగాళాదుంపలు, ఒక ఎముక వేసి
పొయ్యిమీద పెట్టింది.
అడుగున ఇంకా నీలంగా ఒక మరక.
గరిటె నా నోటికి అందించి
"ఎలా ఉంది?" అంది.

ఊదుకుని తాగాను.
చావలేదు.
"ఉప్పు కాస్త ఎక్కువైంది" అన్నాను.